చప్పుడు రాని క్యాబిన్

మార్చి 3

అక్కకి,

నీ తమ్ముడికి ఈ వయసులో పిచ్చి పట్టిందని ఎవరైనా చెబితే నమ్మెయ్. నా పాత ట్రాక్టర్ ఇచ్చేసి, పాతసామాన్ల యార్డులో ఎనిమిదేళ్లుగా ఎండకీ వానకీ పడి ఉన్న ఇంకో ట్రాక్టర్ తెచ్చుకున్నాను. ఇంజను దివ్యంగా ఉంది. మిగతాదంతా తుప్పే. కానీ దీనికి క్యాబిన్ ఉంది. చుట్టూ అద్దాలు, రెండు తలుపులు, పైన కప్పు, అచ్చంగా చిన్న గది. అంటే ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు ముందు అద్దం ఒక్కటే మిగిలింది. తలుపులు ఊడి లోపల పడున్నాయి. నేలరేకు చిల్లులు పడి కింద మట్టి కనిపిస్తోంది. సీటులో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లాపాపలతో వర్ధిల్లి, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయాయి.

ముప్ఫై ఏళ్లు బోసి సీటు మీద కూర్చుని ఊళ్లోవాళ్ల పొలాలన్నీ దున్నాను. ఎండా నాదే, దుమ్మూ నాదే, సైలెన్సర్ ఊడిపోయిన ఆ బండి మోతా నాదే. మిగిలిన నాలుగేళ్లయినా ఒక గదిలో కూర్చుని హాయిగా పని చేసుకుందామని. దుమ్ము రాకూడదు, వాన పడకూడదు, అన్నిటికంటే ముందు చప్పుడు రాకూడదు. దుక్కుల సీజను మొదలయ్యేలోపు దీన్ని మనిషి కూర్చునేలా చెయ్యాలి. సీట్ల సంగతిలో నీ అంత పనిమంతురాలు లేదు కాబట్టి, సలహా చెప్పు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటంటావేమో. నా ఫోన్ మూగదైపోయింది. మోగి ఎన్నాళ్లయిందో. నేను చేస్తే అవతల ఏదో గొణుగుడు తప్ప ఏమీ తెలియదు. ఫోనువాళ్ల మనిషి వచ్చి చూసి, బాగానే ఉందని చెప్పి పోయాడు. వాళ్లెప్పుడూ అంతే.

నీ మరదలు పోయి నాలుగేళ్లు నిండాయి. ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. టీ కొట్టుకి వెళ్లడం కూడా మానేశాను. నేను వెళ్లగానే అందరూ గొంతు తగ్గించేస్తున్నారు. నా గురించే ఏదో అనుకుంటారు. అనుకోనీ.

బావ పోయినప్పుడు నిన్ను నా దగ్గరికి వచ్చెయ్యమన్నాను. చూద్దాంలే అన్నావు. మళ్లీ అడగను. నాకూ రోషం ఉంది.

నీ తమ్ముడు


మార్చి 11

ఒరే మొండిఘటం,

నీకు పిచ్చి కొత్తగా పట్టిందేమీ కాదు. ఎనిమిదేళ్ల వయసులో మంచం విప్పి బండి చేస్తానని అమ్మానాన్నల్ని నేలమీద పడుకోబెట్టిన వాడివి. అప్పుడు దెబ్బలు నీకు, తిట్లు నాకు.

సీటు సంగతి చెబుతాను, శ్రద్ధగా చదువు. పాత సీటు పారెయ్, కానీ దాని కింద ఉన్న ఇనుప చట్రం, స్ప్రింగు పారెయ్యకు. అవి ఇప్పుడు దొరకవు. నీ కొలతలు పంపు. కూర్చున్నప్పుడు మోకాలి మడత నుంచి నడుము దాకా ఎంత, నడుము నుంచి భుజం దాకా ఎంత, క్లచ్ మీద కాలు పెడితే తొడ ఎంత పైకి లేస్తుంది, అన్నీ. మెత్తగా ఉంటే సుఖమనుకుంటారు అందరూ. మరీ మెత్తని సీటు గంటలో నడుము విరగ్గొడుతుంది. కింద గట్టి స్పాంజి, పైన మెత్తటిది, నడుము దగ్గర చిన్న ఎత్తు. నేను కుట్టి ఇస్తాను. నువ్వు మాత్రం ఏ దుకాణంలోనూ కొనకు, నా పరువు తియ్యకు.

ఇక ఫోన్ సంగతి. మూగబోయింది అని నువ్వంటున్నావు గానీ, ప్రతి ఆదివారం పదింటికి నేను చేస్తూనే ఉన్నాను. మోగి మోగి ఆగిపోతోంది. ఎనిమిది వారాలుగా ఇదే వరస. నా మీద ఏదో కోపంతోనే ఎత్తడం లేదనుకున్నాను. కోపం ఉంటే ఉత్తరంలోనైనా చెప్పు, తిట్టి అయినా చెప్పు.

నా సంగతి అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. బస్సు బాడీల షెడ్డులో ఒకప్పుడు ఏడుగురం సీట్లు కుట్టేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్ని మిగిలాను. మా యజమాని అచ్చుపోసిన ప్లాస్టిక్ సీట్లు తెప్పిస్తున్నాడు. నాకు పాత సీట్ల చిరుగులు కుట్టే పని ఇచ్చి, పెద్దదానివి కూర్చో అంటాడు. సాయంత్రం మేడ మీద నా గదికి వెళితే కిటికీలోంచి నీళ్ల ట్యాంకు, పక్క వాటావాళ్ల రేడియో. నా గదిలో నా గొంతు విని ఎన్నాళ్లయిందో. మొన్న సూది గుచ్చుకుని అబ్బా అంటే నాకే కొత్తగా వినిపించింది.

చూద్దాంలే అన్న మాట పట్టుకు కూర్చున్నావా ఇంకా? మొగుడు పోయిన మూడో రోజున మనిషి చూద్దాంలే కాక ఇంకేమంటుందిరా?

అక్క


మార్చి 24

అక్కా,

కొలతలు వెనక కాగితంలో ఉన్నాయి. తొడ ఎంత లేస్తుందో నేనే కూర్చుని నేనే కొలుచుకోవడానికి చేసిన సర్కస్ చూస్తే నువ్వు నవ్వి చచ్చేదానివి.

పని జోరుగా సాగుతోంది. తుప్పంతా ఇనుప బ్రష్‌తో గీకాను. వెల్డింగాయన వచ్చి నేలరేకు కొత్తది వేశాడు. క్యాబిన్ నాలుగు కాళ్ల కిందా రబ్బరు దిమ్మలు అరిగిపోయి ఇనుముకి ఇనుము తగులుతోంది. అవి మారిస్తే సగం అదురు పోతుందిట. వెల్డింగాయన పనిమంతుడే గానీ వింత మనిషి. నోరు విప్పడు. అన్నీ చేతులు తిప్పుతూ చెబుతాడు, లేకపోతే నా భుజం పట్టుకుని గుంజుతాడు. ఒకప్పుడు ఇంతలా ఉండేవాడు కాదు. మనుషులకి మాట్లాడే ఓపిక తగ్గిపోతోంది అక్కా. కొట్లో సామాను ఇచ్చేవాడు కూడా పెదవులు కదిపి ఊరుకుంటాడు.

నువ్వు ఆదివారం చేస్తున్నానంటున్నావు. నేను ఆదివారం పదింటికి ఫోను పక్కనే కూర్చుని బోల్టులకి గ్రీజు రాసుకుంటూ ఉంటాను. మోగలేదు. నువ్వు అబద్ధం చెబుతావని కాదు. ఏ నంబరుకి చేస్తున్నావో ఒకసారి చూసుకో.

ఇంకో మాట. క్యాబిన్ లోపల కప్పుకీ, పక్కలకీ, ఇంజను వైపు అడ్డుగోడకీ ఉన్ని దుప్పటిలా ఉండే మందపాటి ఫెల్ట్ అతికించాలి. చప్పుడు మింగేది అదే. మీ షెడ్డులో వాడేది మంచి రకమని నువ్వే చెప్పేదానివి. చుట్టేసి పోస్టులో పంపితే నలిగిపోతుంది. సీటు కూడా పాడవుతుంది. అందుకని, నువ్వే తెచ్చి ఇవ్వకూడదూ? రమ్మని అడగడం కాదిది. సామాను పాడవుతుందని చెబుతున్నా, అంతే.

నీ తమ్ముడు


ఏప్రిల్ 5

ఒరే,

నంబరు చూసుకోమంటావా నన్ను? పాతికేళ్లుగా చేస్తున్న నంబరది. సరే, ఆ గొడవ వదిలెయ్. ఇక చెయ్యను.

సీటు కుట్టడం పూర్తయింది. మా షెడ్డులో అందరూ వచ్చి కూర్చుని చూశారు. యజమాని కూడా కూర్చుని, కాసేపు లేవలేదు. నా చేతిపని అంటే ఏమిటో ఇన్నేళ్ల తర్వాత ఆయన నడుముకి తెలిసొచ్చింది. నీలం రెగ్జిన్ వేశాను, అంచుకి తెల్ల కుట్టు. దుమ్ము తుడిస్తే పోయే రకం. ఫెల్ట్ కూడా తీసిపెట్టాను, వేలి మందం ఉంది. అతికించే ముందు రేకుని బాగా తుడిచి ఆరబెట్టు. తడి మీద అతికిస్తే లోపల మళ్లీ తుప్పు పడుతుంది.

సామాను ఎలా చేరాలో నేను చూసుకుంటాను. నువ్వు బెంగపడకు.

ఊరికే అడుగుతున్నా, మీ ఇంటి వెనక గది ఇప్పుడెలా ఉంది? వాన కారుతోందా? కిటికీ తలుపు పడుతోందా? అందులో కుట్టుమిషను పట్టేంత వెలుతురు ఉండేది అప్పట్లో. ఊరికే గుర్తొచ్చి అడిగాను.

ఈ వారం కొంచెం హడావిడిగా ఉన్నాను. సర్దుకోవాల్సినవి ఉన్నాయి. వెంటనే జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

అక్క


ఏప్రిల్ 22

అక్కా,

సామాను అందింది. పదహారో తేదీ సాయంత్రం నా ట్రాక్టర్ షెడ్డులోంచి ఇవతలికొస్తే ఇంటి మెట్ల మీద ఫెల్ట్ చుట్టా, దాని మీద గుడ్డలో చుట్టిన సీటూ ఉన్నాయి. ఎవరు తెచ్చారో తెలియదు. సంతకం లేదు పాడూ లేదు, మెట్ల మీద పడేసి పోయాడు. మనిషి లోపల ఉన్నాడో లేడో కేకేసి చూడాలన్న జ్ఞానం కూడా లేదు ఈ కాలపు వాళ్లకి. ఎవరైనా ఎత్తుకుపోయి ఉంటే?

సీటు మాత్రం, ఏం చెప్పను. బిగించి కూర్చున్నాను. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన నీ చేతులు నా నడుముని మర్చిపోలేదు. గంట సేపు ఊరికే కూర్చున్నాను, బండి కదలకుండానే. ఫెల్ట్ అతికించడం మొదలుపెట్టాను. కప్పు అయిపోయింది.

మనిషి వస్తుందనుకుంటే మూట వచ్చింది. సరేలే, నీకు పనులుంటాయి.

వెనక గది సంగతి అడిగావు. గదినిండా ట్రాక్టర్ సామానే. పాత సీటు చట్రం, తలుపులు, రంగు డబ్బాలు, బ్యాటరీ. మనిషి పడుకోవడానికి కాదు కదా, నిలబడటానికి కూడా చోటు లేదు. ఎవరు వస్తారు గనక ఖాళీగా ఉంచాలి?

నీ తమ్ముడు


మే 4

ట్రాక్టర్ యజమానిగారికి,

సామాను అందినందుకు, నడుముకి నచ్చినందుకు సంతోషం. తెచ్చినవాళ్లకి జ్ఞానం లేదని రాశారు. నిజమే. జ్ఞానం ఉంటే అంత దూరం మోసుకు రారు.

ఇకమీదట ఉత్తరాలు మా బస్సు షెడ్డు చిరునామాకి రాయండి. మేడ మెట్లు ఎక్కడానికి పోస్టుమనిషికి మోకాళ్ల నొప్పులట.

వెనక గదిలో చోటు లేదని తెలిసింది. మంచిది. అడగకపోవాల్సింది.

మీ అక్క


మే 15

అక్కా,

మీరు అని రాశావేమిటి? మా యజమానిగారు మా యజమానిగారు అని ఆటపట్టించే రోజులు గుర్తొచ్చి మొదట నవ్వాను. ఇంకోసారి చదివితే నవ్వు రాలేదు. నేనేం చేశాను? నువ్వు రాలేదని నేను అలగాలి గానీ, నాకు నువ్వు అలకలు చూపిస్తావేం?

సరే, నీ కోపం తగ్గించే కబురు చెబుతాను. క్యాబిన్ పూర్తయింది. అన్ని అద్దాలూ వచ్చాయి. తలుపుల చుట్టూ రబ్బరు బీడింగు వేశాను. గేరు కర్ర కింద తోలు సంచీ కుట్టి సందు మూశాను. చిన్న ఫ్యాను పెట్టాను. నీళ్ల సీసాకి ఒక కన్నం, కళ్లజోడుకి ఒక కొక్కెం. నిన్న మొదటిసారి తలుపులు వేసుకుని ఇంజను స్టార్ట్ చేశాను.

అక్కా, చప్పుడు లేదు! పొగగొట్టం మీద మూత ఎగిరెగిరి పడుతోంది, పొగ వస్తోంది, సూది మీటరులో పైకి లేస్తోంది. లోపల మాత్రం పాదాల కింద చిన్న అదురు, అంతే. కంపెనీలో తయారైన కొత్త బండ్లలో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదు. నీ ఫెల్ట్ మహత్యం. ముప్ఫై ఏళ్ల మోత ఒక్క రోజులో పోయింది.

ఎంత బాగా కుదిరిందంటే, వెనక్కి తీస్తూ ఉంటే వెల్డింగాయన తన గ్యాస్ సిలిండర్ల బండి అడ్డం ఉందని కేకలు వేశాట్ట, తర్వాత సైగలతో చెప్పాడు. నాకు ఒక్క ముక్క తెలియలేదు. మూర దూరంలో ఆగాను, అది కూడా ఆయన ముందుకి పరిగెత్తుకొచ్చి చేతులూపితే చూసి. ముఖం కందగడ్డలా చేసుకుని ఏదేదో అన్నాడు. అద్దంలోంచి నోరు కదలడమే కనబడింది. తలుపు తీసేసరికి అనాల్సినవన్నీ అనేసినట్టున్నాడు.

ఒక్క లోటు. లోపల కూర్చుంటే హాయిగానే ఉంటుంది, కాసేపటికి మాత్రం ఎక్కడో నూతిలో ఉన్నట్టుంటుంది. నిన్న ఉత్తినే గట్టిగా నీ పేరు పిలిచి చూశాను. ఏమిటో, అది కూడా ఆ ఫెల్టే మింగేసింది.

వచ్చే నెల పదో తేదీ నుంచి పెద్ద రోడ్డు మీద కంకర తోలే పని ఒప్పుకున్నాను. లారీలు తిరిగే రోడ్డే గానీ, ఈ గదిలో కూర్చుంటే నాకేం.

కోపం ఎందుకో రాయి. ఊహించడం నాకు చేతకాదు.

నీ తమ్ముడు


మే 24

ఒరే,

ఎందుకో రాయమన్నావుగా, రాస్తాను.

ఏప్రిల్ పదహారున నీ మెట్ల మీద సామాను పడేసి పోయిన జ్ఞానం లేని మనిషిని నేనే.

పొద్దున్నే బస్సెక్కి ఎనిమిది గంటలు కూర్చుని వచ్చాను. ఆ ఫెల్ట్ చుట్టా బస్సులో ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు విసుక్కుంటూనే ఉన్నారు. బస్సు దిగి, తోపుడు బండి మాట్లాడుకుని, మీ ఇంటికొచ్చాను. ముందే చెప్పి వస్తే నువ్వు బస్సు దగ్గర నిలబడి హడావిడి చేస్తావని చెప్పలేదు. ఇంట్లో లేవు. షెడ్డు వైపు వచ్చాను. నువ్వు క్యాబిన్లో నాకు వీపు పెట్టి కూర్చుని ఏదో బిగిస్తున్నావు. చొక్కా వెనక చిరిగి ఉంది. జుట్టంతా తెల్లబడింది. నాకు ఏడుపొచ్చింది. గుమ్మంలో నిలబడి తమ్ముడూ అని పిలిచాను.

నువ్వు తిరగలేదు.

మళ్లీ పిలిచాను. మూడోసారి షెడ్డు రేకు మీద చేత్తో కొట్టి మరీ పిలిచాను. తోపుడు బండివాడు కూడా పిలిచాడు. నీ ఎదుట, వెనక వచ్చేవాళ్లని చూసుకునే పక్క అద్దం ఉంది. అందులో నీ ముఖం నాకు కనబడుతోంది, నీ కళ్లు సరిగ్గా నా వైపే ఉన్నాయి. చూస్తూ కూడా కదలలేదు. బండివాడు నా ముఖం చూసి తల దించుకున్నాడు. వాడి ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

చూద్దాంలే అన్నందుకు ఇంత రోషమా? ఫోన్ ఎత్తలేదు, సరే. గుమ్మంలోకొచ్చిన మనిషిని కూడా చూడనట్టు ఉంటావా? సామాను మెట్ల మీద పెట్టి, అదే బండి మీద వెనక్కెళ్లి, అదే బస్సెక్కాను. దారంతా తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఏమీ జరగనట్టు ఉత్తరం. కేకేసి చూసే జ్ఞానం లేదని! గదిలో చోటు లేదని!

ఇంతకంటే రాయను.

అక్క


మే 31

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, నేనలాంటి వాడినా అని. రెండోసారి తేదీ చూశాను.

ఏ రోజు ఏ పని చేశానో షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకుంటాను. వెళ్లి చూశాను. ఏప్రిల్ పదహారు దగ్గర ఒకటే మాట ఉంది: పక్క అద్దం. ఆ అద్దం మర జారిపోతుంటే దాన్నే చూస్తూ ఉన్నాను, సాయంత్రం దాకా దానితోనే సరిపోయింది. నిన్ను కాదు చూసింది. క్యాబిన్ వెనక మూసే అద్దం వచ్చింది ఇరవై తొమ్మిదిన. తలుపులు మే రెండున. అప్పటికి బ్యాటరీ విప్పి వెనక గదిలో పెట్టాను, ఇంజను ఆడే ప్రశ్నే లేదు. ఫెల్ట్ అప్పటికింకా నీ దగ్గరే ఉంది.

నువ్వు మూడుసార్లు పిలిచావు. రేకు మీద కొట్టావు. అది వినపడకుండా అడ్డం పడటానికి అక్కడ ఏమీ లేదక్కా. బోసి ఇనుప చట్రం, నేను.

లేచి వెళ్లి ట్రాక్టర్ స్టార్ట్ చేశాను. తలుపులు వేసుకుని కూర్చుంటే చప్పుడు లేదు. తలుపు తీశాను. లేదు. రెండో తలుపు కూడా తీశాను. దిగి ముందుకెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాను. చెయ్యంతా అదిరిపోతోంది. పొగగొట్టం పక్కన నిలబడ్డాను. ముప్ఫై ఏళ్లుగా నాకు తెలిసిన ట్రాక్టర్ మోత అది, పది ఇళ్ల అవతలికి వినపడే మోత. నా ముఖానికి వేడి గాలి కొట్టింది, అంతే.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

నాకు చెవుడు వచ్చింది. రాయడానికే చెయ్యి రావడం లేదు. ఫోన్ మోగుతూనే ఉంది. వెల్డింగాయన మాట్లాడుతూనే ఉన్నాడు, నాకు తెలియడం లేదని గ్రహించి పాపం చేతులు తిప్పడం నేర్చుకున్నాడు. టీ కొట్లో ఎవరూ గొంతు తగ్గించలేదు. కొంచెం కొంచెంగా పోయింది కాబోలు, ఒంటరిగా ఉండేవాడికి పోల్చుకోవడానికి ఏముంది? అందరూ నాతో మాటలు మానేశారనుకుని నేనే అందరికీ దూరంగా వచ్చేశాను. పైగా ఫెల్ట్ మహత్యమని నీకు గొప్పగా రాశాను. చెవిటివాడు చప్పుడు రాని గది కట్టుకున్నాడు. నువ్వు నవ్వకపోయినా ఈ మాటకి ఊరంతా నవ్వుతుంది.

నాకు చెవి పోయినందుకు కాదు ఏడుపు. నా గుమ్మంలోకొచ్చి మూడుసార్లు పిలిచి వెనక్కెళ్లిపోయావు. ఎనిమిది గంటలు తల ఎత్తకుండా కూర్చున్నావు. అదొక్కటీ తట్టుకోలేకపోతున్నాను.

ఒకటి అడుగుతాను, చెప్పు. పిలిచినప్పుడు తమ్ముడూ అని మాత్రమే అన్నావా, ఇంకేమైనా అన్నావా? నాకు చేరాల్సిన మాట కదా.

నీ తమ్ముడు


జూన్ 6

నా తండ్రీ,

నీ ఉత్తరం షెడ్డులో అందరి మధ్యా చదివి ఏడ్చాను. యజమాని వచ్చి మంచినీళ్లు ఇచ్చాడు.

మొదట చెప్పేది విను. విను అని రాసేశాను చూడు. చదువు. ఆ కంకర పనికి వెళ్లకు. నీ వెనక లారీ వస్తూ హారన్ కొడితే ఎవరు చెబుతారు నీకు? మొన్న గ్యాస్ బండికి మూర దూరంలో ఆగావు, అన్నిసార్లూ మూర మిగలదు. రేపే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు. వెల్డింగాయన్ని తోడు తీసుకెళ్లు, డాక్టరు చెప్పింది ఆయన కాగితం మీద రాసి ఇస్తాడు. నేను అడిగానని చెప్పు.

రెండోది, తప్పు నీ ఒక్కడిదే కాదు. గుమ్మం నుంచి నీ వరకూ పన్నెండడుగులు ఉంటుందేమో. నడిచొచ్చి నీ భుజం మీద చెయ్యి వేసి ఉంటే సరిపోయేది. వెయ్యలేదు. నన్ను చూసి నువ్వు లేచి రావాలని నిలబడ్డాను. రోషం నీకొక్కడికేనా, ఇద్దరం ఒక్క కడుపున పుట్టాం కదా. ఆ పన్నెండడుగులూ ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు నడిచానో మనసులో.

ఇక నువ్వు అడిగినది. ఆ రోజు అన్న మాటలు ఇవి: "తమ్ముడూ, నేను వచ్చేశానురా. సంచులు బరువుగా ఉన్నాయి, ఒకటి అందుకో."

వచ్చేశాను అనే అన్నాను. చూసిపోవడానికి కాదు. మేడ మీద గది ఖాళీ చేసి, బట్టలూ గిన్నెలూ రెండు సంచుల్లో సర్దుకుని వచ్చాను. కుట్టుమిషను తర్వాత తెప్పించుకుందామనుకున్నాను. వెనక గది గురించి ఎందుకు అడిగానో నీకు అర్థమవుతుందనుకున్నాను. వెనక్కెళ్లేసరికి నా గదిలో వేరేవాళ్లు దిగిపోయారు. అప్పటి నుంచి షెడ్డులో సీట్ల సామాను పెట్టే గదిలోనే పడుకుంటున్నాను. పోస్టుమనిషి మోకాళ్లు బాగానే ఉన్నాయి.

నోటితో అడిగితే ఇద్దరికీ కుదరలేదు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. నన్ను రమ్మంటావా?

అక్క


జూన్ 12

అక్కా,

డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కొంచెం మిగిలిందట, చెవి మిషను పెడితే దగ్గర కూర్చుని చెప్పే మాటలు తెలుస్తాయట. అది రావడానికి నెల పడుతుంది. వెల్డింగాయన అన్నీ రాసిచ్చాడు. చివర తన మాటగా ఇంకో లైను రాశాడు: రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను మహాప్రభో అని. కంకర పని వద్దని చెప్పేశాను.

నువ్వు పడుకునే ఆ గదికి కిటికీ ఉందా లేదా అని రాత్రంతా అదే ఆలోచన. నా దగ్గరికని బయలుదేరిన మనిషివి, రెండు నెలలు సీట్ల మధ్య పడుకున్నావు. నేనేమో బండికి మెత్తటి సీటు వేసుకుని కూర్చున్నాను.

వెనక గది ఖాళీ చేశాను. సామానంతా ఎండలో పడేశాను, తుప్పు పడితే పట్టనీ. గోడలకి సున్నం వేశాను. కిటికీ తలుపు ఇప్పుడు పడుతోంది. కుట్టుమిషను ఎక్కడ పెట్టాలో నేను నిర్ణయించలేదు, అది నీ ఇష్టం.

రా.

బుధవారం బస్సుకి బయలుదేరు. నేను పొద్దుటి నుంచే అక్కడ ఉంటాను, వచ్చే ప్రతి బస్సూ చూస్తాను. దిగాక సంచులు కింద పెట్టు, నువ్వు మొయ్యకు. నన్ను పిలవకక్కా. నేనే చూస్తూ ఉంటాను.

నీ తమ్ముడు